కర్రకి తల్లి ఉండదు

నీళ్ళు వద్దు సార్. ఇందాకటి నుంచి ఎవరొచ్చినా నీళ్ళే ఇస్తున్నారు. మేస్త్రి ఒక గ్లాసు, నర్సమ్మ ఒక గ్లాసు, ఇప్పుడు మీరు. ఇంక నాకు చోటు లేదు.

చెయ్యికేం కాలేదు. చూడండి. వేళ్ళన్నీ ఉన్నాయి. నర్సమ్మ అటు తిప్పి, ఇటు తిప్పి, బజార్లో వంకాయని చూసినట్టు చూసింది. గీత కూడా పడలేదని తేల్చింది. పాపం, కట్టు కట్టే పని లేకపోయేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది కూడా.

నేను మాటలు తక్కువ మనిషిని సార్. షెడ్డులో ఎవర్నైనా అడగండి. డబ్బా మూతలు సర్దే బల్ల దగ్గర ఇన్నేళ్ళు నిలబడ్డాను. నా నోట్లోంచి "పెట్టె నిండింది" తప్ప ఇంకో మాట విన్నవాళ్ళు లేరు. ఇవాళేమయిందో మరి. నోరు ఆగట్లేదు.

మళ్ళీ అదే అడుగుతారేంటి? కళ్ళు తిరిగాయా అని.

మేస్త్రి కూడా అదే చెప్పమన్నాడు. మీ తలుపు బయటే, చెవిలో. "అక్కా, కళ్ళు తిరిగాయని చెప్పు. పడబోతూ మిషను పట్టుకోబోయానని చెప్పు. అంతే. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు." మంచివాడే. అబద్ధమాడ్డం మాత్రం రాదు. చెప్తున్నంతసేపూ వాడి కళ్ళే తిరిగాయి.

తిరగలేదు సార్. నా కళ్ళు తిరగలేదు. కాలు జారలేదు. రేకు మీద మూత కొట్టే ప్రెస్సు దిగుతుంటే దాని కింద నేనే చెయ్యి పెట్టాను.

అలా చూడకండి. పిచ్చి కాదు. ఆ మాట మా అమ్మాయి ముందే అనేసింది లెండి, షెడ్డంతా వినేలా.

మొదట్నుంచీ చెప్తాను. మీకు తెలిసిందే. కానీ మీ కుర్చీలోంచి తెలిసింది వేరు, నా బల్ల దగ్గర్నుంచి తెలిసింది వేరు.

మా అమ్మాయి ఆ ప్రెస్సు మీదే పని నేర్చుకుంది. రేకు పెట్టడం, నొక్కడం, మూత తీయడం. ఏళ్ళ తరబడి దాని ముందు నిలబడింది, వేలికి గీత పడలేదు. అలాంటిది సెలవు రోజు సినిమాకని స్కూటర్ మీద వెళ్ళి, మలుపులో లారీకి ఎడంచెయ్యి ఇచ్చొచ్చింది. మోచేతి కింద్నుంచీ లేదు. ఆసుపత్రిలో తెలివి రాగానే ఏమడిగిందో తెలుసా? "సినిమా ఎలా ఉందట?" అని. నేను ఏడుస్తున్నాను, అది సినిమా అడుగుతోంది. చెయ్యి పోయింది గానీ నోటికేం కాలేదని అప్పుడే అర్థమైంది.

తిరిగొచ్చాక మన మేనేజరు గారు... ఆయన్ని షెడ్డులో ఏమంటారో మీకు తెలీదా? చూద్దాం సారు అంటారు. ఫ్యాను తిరగట్లేదు సార్ అంటే "చూద్దాం". కప్పు కారుతోంది సార్ అంటే "చూద్దాం". ఆయన పెళ్ళిలో కూడా అదే అన్నాడని మేస్త్రి అంటాడు. ఆ చూద్దాం సారు దానికి గేటు దగ్గర కుర్చీ వేయించాడు. వచ్చేవాళ్ళని చూసి నవ్వాలట. అదే పని. అటు పక్కన పూలకుండీ, ఇటు పక్కన మా అమ్మాయి.

"కుండీకైనా నీళ్ళు పోస్తారు కదమ్మా" అంది ఇంటికొచ్చి.

అది నవ్వే రకమా? వచ్చినవాళ్ళని పైనుంచి కిందికి చూసి "ఎవరు కావాలి? ఎందుకు?" అనేది. మూతలు కొనడానికొచ్చిన పెద్దమనిషొకాయన ఇది పోలీసు స్టేషనేమో అనుకుని వెనక్కి పోయాడు.

అప్పుడు మీరొచ్చారు, కొత్త సేఫ్టీ ఆఫీసరుగా. గేటు దగ్గర ఆగి దాన్ని అడిగారు, "నీకేం కావాలమ్మా?" అని. దాన్నే అడిగారు సార్. అప్పటిదాకా అందరూ అది పక్కనే ఉండగా నన్నడిగేవాళ్ళు. "మీ అమ్మాయి తింటోందా? మీ అమ్మాయికి ఎండ తగుల్తోందా?" చెయ్యి పోతే చెవులు కూడా పోతాయనుకున్నారేమో.

"నా మిషను కావాలి" అంది అది.

మీరు ఎగిరిపడలేదు. నేను ఎగిరిపడ్డాను.

ఎగిరిపడనా మరి? ఆ ప్రెస్సుకి రెండు బొత్తాలు, అటొకటి ఇటొకటి. రెండు అరచేతులూ రెండింటి మీదా పడితేనే దిగుతుంది. చేతులు రెండూ బొత్తాల మీదుంటే ఇంక లోపల పెట్టడానికి చేతులుండవు, అదీ లెక్క. మంచి లెక్కే. కాకపోతే అందరికీ రెండు ఉంటాయనుకుని వేసిన లెక్క.

చూద్దాం సారు "చూద్దాం" అన్నాడు. మీరు ఊరుకోలేదు. "ఒక్క పూట మీరు ఒంటిచేత్తో పని చేసి చూడండి సార్" అని, ఆయన టైతోనే ఆయన ఎడంచెయ్యి నడుముకి కట్టేశారు. అబ్బ! నేను నవ్వకుండా ఉండటానికి పెట్టెలో తల పెట్టాను. ఫోను ఎత్తబోయి టీ ఒలకబోసుకున్నాడు. టీ తుడవబోయి ఫోను కింద పడేశాడు. మధ్యాహ్నం బాత్రూముకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు ప్యాంటు చేత్తో పట్టుకుని వచ్చాడు. లోపలేం జరిగిందని ఎవరూ అడగలేదు. "మార్చండి" అన్నాడు. ఆయన చూద్దాం అనని రోజు అదొక్కటే.

మార్చారు. కాదనను. రేకు జారకుండా అయస్కాంతం పెట్టించారు. దానికి వంగే పని లేకుండా, రేకులు తీసేకొద్దీ పైకి లేచే బల్ల పెట్టించారు. రెండు బొత్తాల చోట ఒకటే పెట్టించారు. స్టోర్సు ఆయనకి మాత్రం ఏమీ పెట్టించలేకపోయారు. ఆయన గ్లౌజులు జతే ఇస్తానన్నాడు. ఒకటిచ్చే రూలు లేదన్నాడు. మా అమ్మాయి ఊరుకుంటుందా? పోగైన ఎడం గ్లౌజులన్నిట్లో పాత గుడ్డలు కూరి, స్టోర్సు కిటికీ చువ్వలకి వరసగా తగిలించింది. పొద్దున్నే ఆయనొచ్చేసరికి కిటికీ నిండా చేతులు, రమ్మని పిలుస్తున్నట్టు. ఆ కేక గేటు దాకా వినిపించింది. ఆ రోజు నుంచి ఒకటే ఇస్తున్నాడు. రూలు ఎటు పోయిందో మరి!

నవ్వండి సార్, ఫర్లేదు. నేనూ నవ్వాను.

నవ్వు రానిది ఆ లైటు తెర దగ్గరే.

ప్రెస్సు నోటికి అటొక స్తంభం, ఇటొక స్తంభం. మధ్యలో కంటికి కనిపించని వెలుతురట. అందులో ఏది అడ్డొచ్చినా ప్రెస్సు ఉన్నచోటే ఆగిపోతుందట. మీరు నాకు చక్కగా విడమరిచి చెప్పారు. "ఈగ దూరినా ఆగుతుందమ్మా" అన్నారు. "ఈగ దూరితే కూడా ఆగితే ఇంక మూతలు తయారైనట్టే" అన్నాను. "ఈగ కాదులేమ్మా, వేలు" అన్నారు.

"ఎవరి వేలు పెట్టి చూశారు?" అన్నాను.

గుర్తుందా? మీరు నవ్వారు. "వేలెందుకమ్మా, దానికో కర్ర ఉంది. ప్రతి షిఫ్టుకీ కర్ర పెట్టి చూశాకే పని మొదలు" అన్నారు.

నిజమే, చూస్తారు. మా అమ్మాయే చూస్తుంది. కర్ర దూరుస్తుంది, ప్రెస్సు ఆగుతుంది, నా బల్ల వైపు తిరిగి "చూశావా అమ్మా?" అంటుంది. నేను పెట్టెలో చూస్తుంటాను.

కర్రకి తల్లి ఉండదు కదా సార్. కర్ర విరిగితే ఇంకో కర్ర తెస్తారు. దానికోసం ఎవరూ ఆసుపత్రి వరండాలో కూచోరు. డాక్టరు బయటికొచ్చి "ఒక చేతినైనా నిలబెట్టాం" అంటే, దండం పెట్టాలో కొట్టాలో తెలీక ఎవరూ నిలబడిపోరు.

ఉన్నది ఒక్కటే చెయ్యి. ఆ ఒక్కటీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ నోట్లోకి వెళ్తోంది, వస్తోంది. వెళ్తోంది, వస్తోంది. నేను మూతలు సర్దుతున్నానని అందరూ అనుకున్నారు. నేను చేసిన పని అదొక్కటే, ఆ చెయ్యి వెళ్ళి రావడం చూడ్డం.

ఇవాళేనా? ఇవాళే ఎందుకంటారా?

చెప్తే మీకు చిన్నదిగా ఉంటుంది.

ఆప్రాన్ ఉంది కదా సార్, రేకు గీరుకోకుండా కట్టుకునేది. దాని తాళ్ళు వెనక ముడెయ్యాలి. ఒంటిచేత్తో వెయ్యలేరు. మిషనంతా మార్చారు గానీ ఆ తాళ్ళ సంగతి మీకెవరికీ తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు. ఎందుకు చెప్తాను? రోజూ షిఫ్టు మొదట్లో నా దగ్గరికొచ్చి వీపు తిప్పి నిలబడేది. నేను ముడేసేదాన్ని. గట్టిగా వేస్తే "అమ్మా, ఊపిరి" అనేది. వదులుగా వేస్తే "అమ్మా, పస్తులున్నావా?" అనేది. అంతే మా మాటలు. ఆ తర్వాత ఎవరి చోటికి వాళ్ళం.

మొదట్లో అన్నీ నేనే. జడ నేనే వేసేదాన్ని. ఓ రోజు జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చింది. చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని. బొత్తాలు తీసేసి జిప్పు కుట్టించుకుంది. కూర తరగబోతే నేను కత్తి లాక్కునేదాన్ని. పీటకి మేకు కొట్టించి, కూరగాయని ఆ మేకుకి గుచ్చి, టకటకా తరిగి నా ముందు పెట్టింది. "ఉప్పు నువ్వేసుకో, అదైనా నీకుండనీ" అంది. వెటకారం.

మంచిదే కదా అంటారు. నేనూ అందరికీ అదే చెప్పాను. "మా అమ్మాయి అన్నీ తనే చేసుకుంటుంది" అని. చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉండేదో నాకు కనిపించదు కదా.

ఇవాళ పొద్దున నా బల్ల దగ్గరికి రాలేదు. మరిచిపోయిందేమో అని నేనే వెళ్ళాను. వెనక్కి తిప్పి చూస్తే తాళ్ళు లేవు. రెండు పట్టీలు. ఇలా లాగి అలా ఒత్తితే అతుక్కుంటాయి. "ఎలా ఉందమ్మా? మేస్త్రి భార్య కుట్టిచ్చింది" అంది. లాగి చూపించింది. కర్ర్‌ర్ అని చప్పుడు. మళ్ళీ అతికించింది. దానికి ఎంత సంబరమో!

బాగుంది అన్నాను.

వెళ్ళిపోవాలి కదా? బల్ల దగ్గర మూతలు పేరుకుపోతున్నాయి. వెళ్ళలేదు. దాని ఎడంపక్కన, చెయ్యి లేని పక్కన నిలబడ్డాను. అది రేకు పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. బొత్తాం నొక్కింది. ప్రెస్సు కదిలింది. నేను నా ఎడంచెయ్యి పెట్టాను.

ఎడంచెయ్యే ఎందుకంటే... అన్నం కుడిచేత్తో తినాలి కదా సార్. ఆ మాత్రం తెలివి ఉంది.

ఆగింది.

జానెడు పైన ఆగింది. దాని చల్లదనం నా వేళ్ళకి తగిలినట్టే అనిపించింది. ఎర్ర దీపం, ఆ దిక్కుమాలిన కూత. షెడ్డులో అందరూ పరుగు. మా అమ్మాయి నన్ను వెనక్కి లాగింది. "నీకు పిచ్చి పట్టిందా అమ్మా!" అని అరిచింది. అరుస్తూనే నా చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయని తేలాక భుజం మీద ఒక్కటేసింది. ఒంటిచేతి మనిషి దెబ్బ ఎలా ఉంటుందో మీకు తెలీదు సార్. రెండు చేతుల బలమూ అందులోనే ఉంటుంది.

ఆ తర్వాత నా మొహం చూడలేదు. ఇంకా చూడలేదు.

చూద్దాం సారు వచ్చాడు. రాగానే మొదలెట్టాడు. "నేను ముందే చెప్పాను. ఈ మార్పులే ప్రమాదం. ఒంటిచేతి పిల్ల పక్క మనిషిని ఎలా ఆపుతుంది? పాత బొత్తాలు పెట్టేయండి, అమ్మాయిని గేటు దగ్గరికి పంపేయండి." ముందే ఎప్పుడు చెప్పాడండీ? ప్యాంటు పట్టుకుని వచ్చిన రోజా?

రెండు చేతులున్న మేస్త్రి పక్కనే ఉన్నాడు. వాడు ఆపాడా? వాడికి నాలుగున్నా ఆపలేడు. నేను చెప్పి పెట్టానా? గభాల్న పెట్టాను.

అందుకే సార్, కళ్ళు తిరిగాయని చెప్పను. చెప్తే నాకేం కాదు. అయ్యో పాపం అంటారు, ఇంకో గ్లాసు నీళ్ళిస్తారు. కానీ "చూశారా, కళ్ళు తిరిగిన మనిషి తిన్నగా మిషన్లోనే పడేలా మార్చారు" అంటాడాయన. మిషను పోతుంది. మళ్ళీ గేటు, మళ్ళీ కుర్చీ. అది ఆ కుర్చీలో రోజురోజుకీ ఎలా అయిపోయిందో మీరు చూడలేదు. నేను చూశాను. ఇంటికొచ్చి వెటకారం కూడా మానేసింది. అది వెటకారం మానేస్తే ఇల్లు స్మశానం సార్.

కావాలనే పెట్టిందని రాసుకోండి. మిషను తప్పు లేదు. పిల్ల తప్పు లేదు. మీ తెర తప్పు అసలే లేదు, అది దాని పని చేసింది. తప్పు నాది. నన్ను పంపించేస్తారా, పంపించండి. వెనక షెడ్డులో వేస్తారా, వేయండి. ఆ ప్రెస్సు ఛాయలకి రావద్దంటే రాను. దాని మిషను మాత్రం ముట్టుకోకండి.

కర్ర పెట్టి చూడ్డానికీ నేను పెట్టి చూడ్డానికీ తేడా ఏమిటంటే, ఇప్పుడు మీకు సాక్ష్యం ఉంది. ఇదిగో, వేళ్ళతో సహా. మీ పై వాళ్ళకి చూపించుకోండి. కావాలంటే మీతో పాటు వస్తాను, చెయ్యి పట్టుకొస్తాను.

ఏంటి సార్, లేచారు?

ఓ. ఆ తాళం మీ దగ్గరే ఉండాలా? కూత పడ్డాక మీ తాళం తిప్పితేగానీ ప్రెస్సు మళ్ళీ కదలదా? మేస్త్రీ! ఓ మేస్త్రీ, లోపలికి రా, తలుపుకి చెవి పెట్టింది చాలు. సారు తాళం ఇస్తున్నారు. నన్నెందుకలా చూస్తావు? చెప్పేశాను. అవును, ఉన్నదున్నట్టే. పో, పోయి తిప్పు. పిల్ల నిలబడి ఉంటుంది.

చూద్దాం సారుకి మీరే చెప్పుకోండి సార్. ఆయన "చూద్దాం" అంటే మీ దగ్గర ఆయన టై ఉందిగా.

...

విన్నారా? కర్ర పెట్టింది. చూసుకుంటోంది. ఇప్పుడు రేకు.

ఆ. అదే. మా అమ్మాయిదే. షెడ్డులో ఇన్ని ప్రెస్సులు మోగుతున్నా దాని దెబ్బ నాకు తెలుస్తుంది. కాస్త ఆగి, ఠక్కున కొడుతుంది.

వెళ్ళమంటారా? వెళ్తాను. ఇంటికే. ఇవాళ్టికి అంతేగా.

బాబూ... సార్, ఒక్క మాట. ఇది రాసుకోకండి. కలం మూసేయండి.

"అది ఆగకపోయుంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా" అన్నారు మీరు ఇందాక. తెలుసు. నా చెయ్యి పోయేది. నా చెయ్యి పోతే ఆ తెర దండగ అని తేలేది. మిషను తీసేసేవారు. గేటు దగ్గర కూడా ఉంచేవారు కాదు, ఇద్దరం ఇంట్లో. నాకొక చెయ్యి, దానికొక చెయ్యి. కూర నేను పట్టుకుంటే అది తరిగేది. ముడి అది పట్టుకుంటే నేను బిగించేదాన్ని. ఒకళ్ళు లేకుండా ఒకళ్ళకి పొద్దు గడిచేది కాదు.

తెర పని చేస్తుందో లేదో చూడ్డానికే పెట్టానని మీరనుకున్నారు. నేనూ మీకు అలాగే చెప్పాను. సగం అదే.

అది ఆగింది. నాకు ఏడుపొచ్చింది. బతికి బయటపడ్డానని ఏడుస్తోంది అనుకున్నారందరూ. పిల్ల కూడా అలాగే అనుకుంది.

అనుకోనివ్వండి.